గ్రహం తూకం

ఆ ఖగోళ శాస్త్రవేత్తకు తన మీద తనకున్న నమ్మకం ఇంతా అంతా కాదు. కారు తాళాలు ఎక్కడ పెట్టిందో రోజూ మరిచిపోయేది గానీ, నక్షత్రం వెలుగులో మునిగిపోయిన ఓ చిన్న చుక్కను ఏ ఫొటోలో ఏ మూల చూసిందో పాతికేళ్ల తర్వాతైనా వేలు పెట్టి చూపించగలదు. పొగరని కొందరనేవాళ్లు. ఆమె కాదనేది కాదు. "పని వచ్చినవాళ్లకి కాస్త ఉండాలి, లేకపోతే పనికే చిన్నతనం," అనేది.

చదువుకునే రోజుల్లో ఆమె ఎంచుకున్న విషయం విని గురువుగారు తల పట్టుకున్నారు. బ్రౌన్ డ్వార్ఫులు! నక్షత్రం పుట్టినట్టే వాయుమేఘం కుంచించుకుని పుడతాయి గానీ, లోపల పొయ్యి రాజుకునేంత బరువు లేక, పుట్టినప్పటి వేడితోనే కొన్నాళ్లు మినుకుమినుకుమని, నెమ్మదిగా చల్లారిపోతాయి.

"నక్షత్రమూ కాదు, గ్రహమూ కాదు. రెంటికీ చెడ్డ రేవడి. దాన్ని పట్టుకుంటే నీ గతీ అంతే," అన్నారాయన.

"రేవడి గోడు వినడానికి కూడా ఒకరుండాలి కదండీ," అందామె.

ఎనిమిదేళ్లు విన్నది. పేపర్లు రాసింది, పట్టా పుచ్చుకుంది, ఉద్యోగంలో చేరింది. ఆ చల్లారే గోళాల గురించి ఆమెకు తెలిసినంత ఆ సంస్థలో మరెవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ లేదు కూడా. అప్పుడు, ముప్ఫై రెండో ఏట, కొండమీది టెలిస్కోపు పంపిన ఒక చిత్రంలో, ఓ నక్షత్రం పక్కన ఆవగింజలో సగం లాంటి చుక్క ఆమె కంటబడింది.

ఆ నక్షత్రం గిరగిరా తిరుగుతోంది. అలా తిరిగేవి సాధారణంగా లేత వయసువి. కాబట్టి నాలుగు కోట్ల ఏళ్లుంటాయని వయసు కట్టింది. ఆ వయసులో అంత వెలుగు ఇవ్వాలంటే చుక్క బరువు మన గురుగ్రహానికి ఆరు రెట్లు ఉండాలి. పదమూడు రెట్లకు లోపుంటే గ్రహం, దాటితే బ్రౌన్ డ్వార్ఫ్ అని ఆ రంగంలో వాళ్లు పెట్టుకున్న గీత ఒకటుంది. ఆరు అంటే ఇక అనుమానం లేదు. వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని ఆమె ఫొటో తీసింది!

అంతే, రాత్రికి రాత్రి అందరికీ ఆమె కావలసిన మనిషైపోయింది. పత్రికల్లో ఫొటో, బడిపిల్లల సైన్సు పుస్తకంలో అర పేజీ, నక్షత్రశాల పైకప్పుకు వేలాడుతూ ఒక నీలి బంతి. సొంత ప్రయోగశాల ఇచ్చారు, శిష్యులొచ్చారు. ఇంట్లోనేమో ఆ గ్రహానికి 'పెద్దోడు' అని పేరు పడింది. మరుసటేడు పుట్టిన కొడుకు చిన్నోడయ్యాడు. "పెద్దోడు ఎలా ఉన్నాడే?" అని అత్తగారు వారానికోసారైనా అడిగేది, పొరుగూరి హాస్టల్లో ఉన్న మనవణ్ణి గురించి అడిగినట్టు.

పెద్దోడు నిదానంగా నడుస్తున్నాడు. నక్షత్రం చుట్టూ ఒక ప్రదక్షిణకు నూట నలభై ఏళ్లు. ఏడాదికొక చిత్రం చొప్పున ఇరవై రెండేళ్లు తీసేసరికి వాడి దారి కాస్త వంపు తిరగడం కనబడింది. అదే సమయానికి, వాడి లాగుడుకు నక్షత్రం ఎంత ఊగుతోందో ఒక ఉపగ్రహం కొలిచింది. ఈ రెండూ ఉంటే వెలుగుతో, వయసుతో పనిలేదు. ఎంత లాగుతున్నాడో అంత బరువు. తాడుకు అవతల ఎవరున్నారో కనబడకపోయినా, లాగుడును బట్టి పిల్లాడో పహిల్వానో చెప్పెయ్యొచ్చు కదా, అలాగన్నమాట.

ఆ లెక్క ఆమె తన శిష్యురాలికి అప్పగించింది. ఆ అమ్మాయిని ప్రయోగశాలలో అందరూ 'నిదానం' అనేవాళ్లు. మాట నిదానం, నడక నిదానం. ఒక్క అంకె వెయ్యాలంటే మూడుసార్లు సరిచూసుకుంటుంది. నెలలో అవ్వాల్సిన లెక్క రెండు నెలలైనా తేలకపోతే మొదట మేడం పట్టించుకోలేదు. కానీ ఈ మధ్య ఆమె కాఫీ మిషన్ దగ్గరికి వస్తే నిదానం కప్పు అక్కడే వదిలేసి వెళ్లిపోతోంది. అదీ చకచకా. నిదానం చకచకా నడిచిందంటే ఏదో కొంప మునిగే ఉండాలి.

ఒక మధ్యాహ్నం ఆమె తిన్నగా నిదానం బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది. కంప్యూటర్ తెరమీద ఫైళ్లు వరసగా ఉన్నాయి. 'చివరిది', 'చివరిది రెండు', 'అసలు చివరిది', 'ఒట్టు ఇదే చివరిది'.

"ఆఖరుది తెరువు," అంది.

నిదానం తెరిచింది. బరువు అన్నచోట ఇరవై నాలుగు అని ఉంది. దాని పైది తెరిపించింది. ఇరవై నాలుగు. ఇంకా పైది. ఇరవై నాలుగే.

"ఇదెప్పుడొచ్చింది?"

"ఇరవై రెండు రోజులైంది మేడం."

"నాకెందుకు చెప్పలేదు?"

"తప్పు నాదే అయ్యుంటుందని వెతుకుతున్నాను."

"దొరికిందా?"

నిదానం తల అడ్డంగా ఊపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు సైన్సు పుస్తకంలో మీ గ్రహం గురించి చదివి ఈ చదువులోకొచ్చాను మేడం. ఆ పేజీ తప్పని నేనెలా చెప్పను?"

ఆమె పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇరవై నాలుగు అంటే గీత దాటి ఆమడ దూరం. ఇరవై రెండేళ్లుగా తను ఊరంతా చాటిన గ్రహం గ్రహమే కాదన్నమాట. అయినా మాటలో మాత్రం వణుకు రానివ్వలేదు.

"చూడమ్మాయ్. నేను ఊరికే ఒప్పుకునే రకం కాదు, నీకు తెలుసు. రేపట్నుంచి నీ లెక్కని చితక్కొడతాను. ఎక్కడ వీలైతే అక్కడ. అన్నిటికీ నిలబడితే, నువ్వు రైటు, నేను తప్పు. ఆ మాట నేనే చెప్తాను. సరేనా?"

"సరే మేడం."

"కళ్లు తుడుచుకో. తప్పు చేసింది నేనైతే ఏడుపు నీదేంటి?"

పదకొండు రోజులు చితక్కొట్టింది. నక్షత్రం ఊగుడు మార్చి చూసింది, దూరం మార్చి చూసింది, కొన్ని సంవత్సరాల చిత్రాలు తీసేసి చూసింది. లెక్క ఎక్కడా బెదరలేదు. లోలోపల ఆ పిల్లను చూసి గర్వం కూడా కలిగింది గానీ, గర్వపడటానికి అది సమయం కాదని ఊరుకుంది. పన్నెండో రోజున ఒక్క సందు దొరికింది. అన్నిటికన్నా పాతదైన మొదటి చిత్రం. అప్పటి కెమెరాను ఆ ఏడాదే మరమ్మతుకు దించి మళ్లీ ఎక్కించారు. పాత రిజిస్టరులో "కెమెరా బిగించాం" అని ఒక్క ముక్క ఉంది. బిగించేటప్పుడు ఏమాత్రం పక్కకు తిరిగినా మొదటి చుక్క స్థానం మారుతుంది, దారి వంపు మారుతుంది, బరువు మారుతుంది. తగ్గి పదమూడు లోపుకి రావచ్చు కూడా!

"ఇది బిగించినాయన ఇంకా ఉన్నాడు. పద," అంది.

టెలిస్కోపు మెకానిక్ పని మానేసి పదిహేనేళ్లైంది. మూడో అంతస్తులో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆయన గదిలో గోడకు స్పానర్లు పెద్దదాని నుంచి చిన్నదాని వరకు వరసగా వేలాడుతున్నాయి. ఆమెను చూడగానే పోల్చుకున్నాడు.

"ఏం తల్లీ, ఇన్నాళ్లకి దారి తప్పి వచ్చావా?"

"పని పడి వచ్చాను బాబాయ్. ఇరవై రెండేళ్ల కిందట నువ్వు ఎక్కించిన కెమెరా గురించి."

ముసలాయన ముఖం మాడిపోయింది. "నా చేత్తో బిగించిన బోల్టు వదులైందంటావా?"

"వదులు కాదు బాబాయ్. వంకరేమోనని."

"వంకరా! అంతకంటే నేను చెడ్డ మొగుణ్ణని మా ఆవిడ చేత చెప్పించు, ఒప్పుకుంటా." అంటూనే లేచి అలమర తెరిచాడు. రిజిస్టరులో రాసేది ఆఫీసు కోసమట, డైరీలో రాసుకునేది తన కోసమట. నూనె మరకల డైరీలు పాతిక దాకా ఉన్నాయి. కళ్లద్దాలు సర్దుకుని, వేలు తడిచేసుకుంటూ పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగాడు.

"చదువు బాబాయ్."

"'పాత వాషర్ అరిగింది. కొత్తది వేశా. గుర్తుగీతకి పావు మిల్లీమీటరు ఎడమగా కూర్చుంది. పెద్దసారుకి చెప్పా. పర్లేదన్నారు.'" డైరీ మూసి తల పైకెత్తాడు. "చూశావా? నేను చెప్పా. పర్లేదన్నది మీవాళ్లే."

"నువ్వు దేవుడివి బాబాయ్!"

"దేవుణ్ణయితే మీ పెద్దసారుకి చెవులు బాగుచేసేవాణ్ణి."

బస్సులో తిరిగి వస్తూ ఆమె కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చుంది. లోపల సంతోషం ఉబికివస్తోంది, ఆ సంతోషాన్ని చూసి సిగ్గూ వేస్తోంది. కెమెరా చట్రం అరచేయంత వెడల్పు. దాని అంచున పావు మిల్లీమీటరంటే కోణంలో డిగ్రీకి మూడో వంతు. పక్క సీట్లో నిదానం ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని కొత్త కోణం ఎక్కిస్తోంది. ప్రయోగశాలకు చేరగానే లెక్క మళ్లీ నడిపించింది.

తెరమీద అంకె వచ్చింది. ఇరవై ఏడు.

నిదానం మేడం వైపు చూసింది. మేడం అంకె వైపు చూసింది. తర్వాత ఒక్కసారిగా పగలబడి నవ్వింది. పక్క గదిలోవాళ్లు తొంగిచూసేంతగా నవ్వింది.

"గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే! తగ్గిద్దామని వెళ్లి మూడు పెంచుకొచ్చాం. చాలు. ఇక చితక్కొట్టడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. నీ లెక్క రైటు."

"మరి వెలుగు మేడం? ఇరవై ఏడు రెట్లున్నది అంత మసగ్గా ఎలా ఉంటుంది?"

"వయసు. నేను తప్పింది అక్కడ. పొయ్యిలోంచి ఇప్పుడే తీసిన చిన్న మేకూ, ఎప్పుడో తీసిన పెద్ద ఇనపగుండూ ఒకే వేడిమీద ఉండొచ్చు. వేడి చూసి మేకు అనుకున్నాను. గుండది. నక్షత్రానికి వంద కోట్ల ఏళ్లు తక్కువుండవు. గిరగిరా తిరుగుతుంటే పడుచుదనుకుని మోసపోయాను."

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అత్తగారు బాల్కనీలో ఆరేసిన బట్టలు మడతపెడుతోంది. ముప్ఫై నాలుగేళ్లు ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి. ఆమె మడతపెడితే దుప్పటి అంచులు ఒకదానిమీద ఒకటి అతికినట్టుంటాయి.

"పెద్దోడు గ్రహం కాదట అత్తయ్యా."

"ఎవరన్నారు?"

"మా నిదానం లెక్కేసింది. నేనూ చూశాను. నిజమే. నక్షత్రం వయసు నేను తప్పు కట్టాను."

అత్తగారు దుప్పటి చివర ఆమె చేతికిచ్చింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని దులిపారు.

"అయితే పెళ్లిచూపుల్లో చెప్పినట్టు చెప్పిందన్నమాట వయసు. నువ్వు నమ్మేశావు." దుప్పటికి ఒక మడత వేస్తూ అంది, "నేనోసారి ఓ బిడ్డ బరువు తప్పు రాశాను. కాటా మీద తువ్వాలు ఉందని చూసుకోలేదు. డ్యూటీ అయిపోయి గేటు దాటాక గుర్తొచ్చింది. బరువును బట్టే కదా మందు మోతాదు. వెనక్కెళ్లి డాక్టరమ్మకి చెప్పాను. నలుగురిలో తిట్టింది."

"బిడ్డకేమైనా అయిందా?"

"ఏమీ కాలేదు, వేళకే దిద్దాను. కానీ అమ్మాయ్, గేటు దగ్గర ఒక్క నిమిషం నిలబడ్డాను చూడూ, రేపు చెప్దాంలే అని... ఆ నిమిషం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నామీద నాకే. తిట్లు ఎప్పుడో మర్చిపోయాను."

"నేను గేటు దగ్గర నిలబడను అత్తయ్యా."

"నిలబడవని తెలుసు. ఆ చివర సరిగ్గా పట్టుకో."

మర్నాడు పొద్దున్నే డైరెక్టరు గదికి వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు. కాకపోతే సంస్థ పరువు, శిష్యుల భవిష్యత్తు తన నెత్తిమీదే ఉన్నాయని రాత్రింబవళ్లు బెంగపడే మనిషి. విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"అంతరిక్ష టెలిస్కోపు సమయం కోసం మనం పంపబోయే దరఖాస్తు గుర్తుందా? మొదటి వాక్యమే 'ఈ గ్రహం' అని మొదలవుతుంది. నెలాఖరుకి గడువు. ఒక్క ఆరు నెలలు ఆగి ప్రకటిస్తే మునిగిపోయేదేముంది?"

"ఆరు నెలల్లో దాని బరువు తగ్గదు సార్. అదేం పథ్యం చెయ్యట్లేదు."

ఆయనకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. "మీకు పేరుంది, తట్టుకుంటారు. సమయం రాకపోతే మీ శిష్యులు, ఆ పన్నెండుమంది పిల్లలు ఏం చెయ్యాలి?"

"నేను రాత్రంతా ఆలోచించింది అదే సార్. వినండి. ఆకాశంలో బ్రౌన్ డ్వార్ఫులు వేలకొద్దీ ఉన్నాయి. దాదాపు అన్నిటి బరువూ వెలుగు చూసి అంచనా కట్టిందే, నేను చేసినట్టు. లాగుడుతో తూచినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు మన దగ్గర ఒకటుంది. దీన్ని పెట్టి మిగతావాళ్ల లెక్కలన్నీ సరిచూడొచ్చు. గ్రహాలు బోలెడున్నాయి. ఇలాంటి తూకపురాయి ఎన్ని చోట్ల ఉంది? దరఖాస్తు నేను తిరగరాస్తాను. నాలుగు రోజులివ్వండి."

డైరెక్టరు ఆమెను తేరిపార చూశాడు. "మీరు గ్రహం పోగొట్టుకుని వచ్చిన మనిషిలా లేరు."

"పోగొట్టుకోవడానికి అదెక్కడికి పోయింది సార్? ఉన్నచోటే ఉంది. నేనే దాన్ని తప్పు పేరుతో పిలిచాను."

నాలుగు రోజులన్నది మూడు రోజుల్లో రాసింది. పొగరన్నవాళ్లు చూస్తే ఏమనేవాళ్లో గానీ, ముఖం కడుక్కోవడానికి లేచినప్పుడు అద్దంలో ఆమెకు ముప్ఫై ఏళ్ల కిందటి మనిషి కనబడింది. గ్రహాల పేరుతో సభలూ సన్మానాలూ మొదలయ్యాక, తను మొట్టమొదట మోజుపడ్డ ఆ చల్లారే గోళాలను మళ్లీ ముట్టుకోలేదని అప్పుడే తెలిసింది.

తప్పు దిద్దే పేపరు మీద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర మాత్రం నిదానంతో పెద్ద గొడవే అయింది. మేడం పేరే ముందుండాలని నిదానం భీష్మించుకుంది.

"లెక్క ఎవరు చేశారు?" అంది మేడం.

"నేనే, కానీ..."

"'కానీ' తర్వాతది నాకక్కర్లేదు. నీ పేరు ముందు. సభలో మాట్లాడేదీ నువ్వే."

సభ రెండు నెలల తర్వాత జరిగింది. హాలు నిండిపోయి జనం మెట్లమీద కూర్చున్నారు. వార్త ముందే గుప్పుమంది మరి. ఆమె వేదికెక్కి మైకు సవరించుకుంది.

"ఇరవై రెండేళ్ల కిందట ఇలాంటి హాల్లోనే మీకో గ్రహాన్ని చూపించాను. అది గ్రహం కాదు. తప్పు నాది. కనిపెట్టింది ఈ అమ్మాయి. ఇప్పుడు తను చెప్తుంది."

అంతే చెప్పి దిగి, ముందు వరసలో కూర్చుంది. తన చెవులు వేడెక్కడం ఆమెకు తెలుస్తూనే ఉంది. నిదానం తనకలవాటైన తీరులోనే, ఒక్కో అంకె దగ్గరా ఆగి, అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పుకుపోయింది. ముగిశాక ఒక తెల్లజుట్టు ప్రొఫెసరు లేచాడు. అప్పట్లో ఆ చుక్క గ్రహమే కాదు, అసలు ఆ నక్షత్రానికి సంబంధమే లేని వెనకెక్కడో దూరంగా ఉన్న వేరే చుక్క అని ఆమెతో మూడేళ్లు పోట్లాడిన మనిషి.

"అంతా మొదటి చిత్రం కోణం మీద ఆధారపడింది. పాత కెమెరా. ఆ కోణాన్ని ఎలా నమ్మాలి?" అన్నాడు.

నిదానం గ్లాసెత్తి నీళ్లు తాగింది. గ్లాసు కింద పెట్టింది. "దానికో వాషర్ కథ ఉందండీ," అని మెకానిక్ డైరీ పేజీని తెరమీద వేసింది. 'పెద్దసారుకి చెప్పా. పర్లేదన్నారు' అన్నది చదివేసరికి హాలంతా గొల్లుమంది. ప్రొఫెసరు కూడా నవ్వి, చప్పట్లు కొట్టడం మొదట ఆయనే మొదలుపెట్టాడు.

మర్నాడు ఒక పత్రిక "గ్రహాన్ని కోల్పోయిన శాస్త్రవేత్త" అని వేసింది. నక్షత్రశాలవాళ్లు మర్యాదగా ఉత్తరం రాసి ఆ బంతిని దించేశారు. ఆ రోజు మాత్రం ఆమె ప్రయోగశాల తలుపు వేసుకుని అరగంట ఒంటరిగా కూర్చుంది. తర్వాత లేచి పనిలో పడింది. టెలిస్కోపు సంఘం ఆమె అడిగిన ముప్ఫై గంటల్లో పంతొమ్మిదే ఇచ్చింది. పన్నెండుమంది శిష్యులకు ఆ పంతొమ్మిది చాలు. డైరెక్టరు స్వయంగా ఆ వార్త పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

టెలిస్కోపు పంపిన కాంతిని విడదీసి చూస్తే ఆ గోళంలో నీటి ఆవిరి, మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ కనబడ్డాయి. వాటిలోని కార్బన్, ఆక్సిజన్ పాళ్లు అచ్చం పక్కనున్న నక్షత్రం పాళ్లే. అంటే గ్రహాల్లా, నక్షత్రం పుట్టాక మిగిలిన దుమ్ములోంచి పుట్టింది కాదు. ఒకే మేఘంలోంచి దాంతోపాటే పుట్టిన తోబుట్టువు. ఆ ఫలితాన్ని మరుసటేడు సభలో ఆమే చెప్పింది. అంతకుముందు ఎలా చెప్పేదో అలాగే, గొంతు ఖంగుమనేలా, ఎక్కడా నసగకుండా.

చివర్లో వెనక వరసలోంచి ఒకతను చెయ్యెత్తాడు. "ఇంకో ఇరవై ఏళ్లకి ఇది కూడా తప్పని తేలితే?"

"తేలొచ్చు," అందామె. "దిద్దాల్సినవాళ్లు ఇప్పుడు ఏ బళ్లోనో ఎక్కాలు వల్లిస్తుంటారు. పెద్దయ్యాక వాళ్లకీ పనుండాలి కదండీ. తర్వాతి ప్రశ్న?"